పొట్లం మీద లేని పేరు

ఖాజాగూడ పాతూళ్లో సాయంత్రం దీపం వీధి మొగ వైపు వాలిందంటే అక్కడ నీలమ్మ ఆటో దిగిందని అర్థం. ఆమె చేసిన వత్తి ఎక్కడ వెలిగినా ఆమె ఉన్న దిక్కుకే మొగ్గుతుంది. "వస్తున్నది, చాయ్ పెట్టున్రి" అనుకునేవారు ఇరుగుపొరుగు. చేసిన చేతి వైపు చూడక ఇంకెటు చూస్తుంది?

నీలమ్మ నల్లగండ్లలో జయంతి ఫ్లాటులో పనిచేసేది. జయంతిది రాజమండ్రి వైపు, ఉద్యోగం రాయదుర్గంలో. నీలమ్మను నోరారా అక్కా అనేది, ఆమె తెచ్చుకున్న జొన్నరొట్టెలో సగం తుంచుకుని మరీ తినేది. ఒకరోజు తన పూజగదిలో నీలమ్మ వత్తితో పెట్టిన దీపం, ఆమె పనిచేస్తున్న వంటింటి వైపు వాలి ఉండటం చూస్తూ అంది.

"అక్కా, కార్తీక పౌర్ణమికి మూడు వందల అరవై అయిదు వత్తుల కట్టలు చేసివ్వు. మనం అమ్ముదాం. పొట్లం మీద నీ పేరే వేయిస్తాను, 'నీలమ్మ వత్తులు' అని."

"గమ్మత్ జేస్తున్నవా జయంతమ్మా?"

"నీ మీద ఒట్టక్కా."

రెండు నెలలు నీలమ్మ వేళ్లకు విభూతి అద్దుకుని పత్తి పేనుతూనే ఉంది. ప్రతి వత్తికీ కొసన రెండు మెలికలు, అది వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. అయిదో తరగతి దాకా చదివిన మనిషి, తన పేరు అచ్చులో ఎక్కడా చూసుకోలేదు. రేషన్ కార్డులో కూడా తప్పుగానే పడింది. పౌర్ణమికి ముందు రోజు జయంతి, "రేపు సెలవు తీసుకో అక్కా, చాలా కష్టపడ్డావు" అంటే, ఎంత కడుపులో పెట్టుకుని చూసుకుంటుందో అనుకుని మురిసిపోయింది పిచ్చిది.

మర్నాడు సాయంత్రం కొబ్బరికాయ కోసం తమ వీధి చివరి దుకాణానికి వెళ్లింది. అక్కడ దండగా వేలాడుతున్నాయి వత్తుల పొట్లాలు. మీద తొమ్మిది గజాల చీర కట్టిన ఎవరో పెద్దావిడ బొమ్మ. కింద అక్షరాలు: 'గోదావరి తీరాన, అగ్రహారపు ఇంట, మడితో చేసినవి.'

పొట్లం చింపి చూసింది. కొసన రెండు మెలికలు.

దుకాణం ముందే ఫోన్ చేసింది. "నా పేరేది జయంతమ్మా?"

"ఏం చేయనక్కా, కొనేవాళ్లు అలా ఉన్నారు. ఎవరు చేశారని అడుగుతారు, చేసింది ఎవరో తెలిస్తే ముట్టుకోరు. నువ్వు మాత్రం ఇవాళ ఇటు రాకు, నీకు పుణ్యం ఉంటుంది."

అప్పుడు తెలిసింది నీలమ్మకు, సెలవు ఎందుకిచ్చిందో. తానక్కడుంటే చేసిన చెయ్యేదో దీపాలే చెప్పేస్తాయి. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. రొట్టె తుంచుకు తిన్న చెయ్యే తన చేతులు కనిపించకుండా దాచేసింది. జయంతి అబద్ధం చెప్పిందనీ అనలేం. మనం దేవుడి కులం అడగం గానీ వత్తి కులం అడుగుతాం. కొబ్బరికాయ అక్కడే వదిలేసి నల్లగండ్లకు ఆటో ఎక్కింది.

సందెవేళకు జయంతి ఉండే అపార్ట్‌మెంట్ ముందు పచ్చికలో నూరు దీపాలు వెలిగాయి. ముందు వరసలో ఎనభై ఏళ్ల అనసూయమ్మ. కడప జిల్లా మనిషి, మడి కట్టనిదే మంచినీళ్లు కూడా తాగదు. బొమ్మలోని అగ్రహారపు ఆవిడను చూసే పది పొట్లాలు కొంది. దీపాలన్నీ ఒక్కసారిగా గేటు వైపు మొగ్గాయి. జనం పళ్లేలు తిప్పారు, చేతులు అడ్డుపెట్టారు. అయినా అటే.

అందరూ అటు చూశారు. గేటు బయట పాత చీరలో నీలమ్మ.

"వత్తి చేసిన చేతి దిక్కే దీపం చూస్తాదంటారు. చేసినామె వచ్చిందే! గోదావరి అన్నావే, జయంతీ?" అంది అనసూయమ్మ. జయంతి తల దించుకుంది.

నీలమ్మ లోపలికి రాలేదు. ఒక్కసారి కళ్లారా చూసుకుని వెనుదిరిగింది. ఆమె అడుగు దూరమయ్యేకొద్దీ దీపాలు అటే సాగి సాగి, ఒక్కొక్కటే కొండెక్కాయి. పౌర్ణమి నాడు దీపం కొండెక్కడమా! జయంతి గేటు దాకా పరుగెత్తింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఒక్క నిమిషం లోపల నిలబడు."

"నన్నెందుకు? ఆ బొమ్మల ఉన్నామెను పిలువు, వస్తది" అంది నీలమ్మ. ఆటో కోసం కూడా ఆగకుండా నడిచిపోయింది. దారంతా ఏడ్చింది.

తెల్లారాక పాతూళ్లోకి ఒక ఆటో వచ్చింది. అందులో అనసూయమ్మ, చేతిలో వెలుగుతున్న ప్రమిద. మిగిలిన పొట్లంలోంచి తీసిన ఒక్క వత్తి. దీపం ఎటు వాలితే అటు తిప్పించుకుంటూ వచ్చింది. ఒక రేకుల ఇంటి ముందు మంట నిటారుగా నిలబడింది.

నీలమ్మ తలుపు తీసింది. ముసలావిడ ప్రమిదను గడప మీద పెట్టి, ఆ పక్కనే చతికిలబడింది.

"కొంచెం మంచినీళ్లియ్యి తల్లీ," అంది. తాగి, చెంబు కింద పెట్టి అడిగింది. "ఇంక నీ దగ్గరే కొంటా. నీ పేరేమి?"

నల్లగండ్లలో ఆరేళ్లు పనిచేసినా, ఆ అపార్ట్‌మెంట్లో జయంతి తప్ప ఇంకెవరూ అడగని మాట అది.

"నీలమ్మ," అంది.