మూత కింద గుడ్డ

ఫ్యాన్ లేని ఇల్లేమిటమ్మా అని రామచంద్రరావు గారు నిన్న మళ్లీ అడిగారు, హిమాచల్ కొండల మీద, మంచు కురిసే చోట కట్టుకుంటున్న ఇంటికి ఫ్యాన్ కొక్కెం కావాలట, రెండు వైపులా వాలి మధ్యలో గోపురంలా లేచే దేవదారు చెక్క కప్పు నేను గీస్తే ఆయన కళ్లు కొక్కెం కోసం వెతుకుతున్నాయి, పెట్టేస్తాను, చొక్కా తగిలించుకుంటారు, నేను సొంతంగా చేస్తున్న మొదటి పని ఇది, ఇవాళ నారాయణగూడలో ఆయన సంతకం పెడితే రేపు అక్కడ చెక్క కోస్తారు, కోశాక తప్పు దిద్దడానికేమీ ఉండదు, ఆటో చిక్కడపల్లిలోనే ఆగింది, పైన ముసురు, అక్క జర ఆ గొట్టం లోపల పెట్టుకో, బండోళ్ల కంట్ల పొడుస్తది అంటున్నాడు డ్రైవరు, గొట్టం కాదన్నా, ప్లాను చుట్టి పెట్టాను, ఇల్లు అందులో ఉంది, ఒళ్లో రామచంద్రరావు గారికని అమ్మ ఇచ్చిన హాట్‌బాక్స్, నీ బొమ్మ నచ్చకపోయినా నా ఇడ్లీ నచ్చుతుందే సింధూరా అని, కన్నతల్లి నమ్మకం అది, అశోక్‌నగర్‌లో చివరి అంతస్తులో శ్లాబు కింద వేగుతూ పెరిగినదాన్ని, కప్పంటే నాకు ఎండే, అందుకే చెక్క మీద వేడిని ఆపే దూది లాంటి ఇన్సులేషన్ దట్టించి, దాని పైన ఆవిరి దూరకుండా షీటు వేశాను, పైన, శత్రువు వచ్చే వైపు, ఆకలేస్తోంది, ఒక్క ఇడ్లీ తగ్గితే ఎవరు చూడొచ్చారు.

మూత తీయగానే టపటపా చుక్కలు, ఇడ్లీలన్నీ తడిసి ముద్ద, అమ్మ ఎప్పుడూ మూత కింద గుడ్డ పరుస్తుంది, ఇవాళ నేను తొందరపెడితే మూత పైన కప్పి ముడేసింది, పైన గుడ్డ పొడిగా, లోపల వాన, పైన, అయ్యో, నేనూ పైనే కదా వేసింది, ఆ కొండ మీద వేడి ఉండేది లోపల, బయటంతా మంచు, వాళ్లావిడ బాలత్రిపురసుందరి గారు సాంబారు కాచిన ఆవిరి చెక్క సందుల్లోంచి పైకెళ్లి, చల్లటి షీటుకి తగిలి, నీరై, ఇన్సులేషన్‌ని నానబెట్టి, చెక్కని కుళ్లబెట్టి, నిద్రపోతున్న రామచంద్రరావు గారి బట్టతల మీద చుక్కా చుక్కా, నారాయణగూడ వచ్చింది దిగక్క అంటున్నాడు, జర ఆగన్నా, కప్పు తలకిందులైంది అన్నాను, అతను తలెత్తి ఆటో టాపు చూసి, మంచిగనే ఉన్నది కదక్కా అన్నాడు, గొట్టంలోంచి ప్లాను లాగి, పెన్సిల్ తీసి షీటుకని వేసిన పై గీత కొట్టేశాను, ఇన్సులేషన్ కింద, చెక్క పలకల వెనకే కొత్త గీత, వంకరగా వచ్చింది, రానీ, సంతకం రేపైనా పెట్టించుకోవచ్చు, ఇన్నేళ్లూ వేడిని బయటి దొంగ అనుకున్నాను, ఆ ఇంట్లో అది ఇంటి మనిషి, గడియ లోపలి వైపే ఉండాలి.