సగం చీర దూరం

లీలమ్మ అలిగి ఏడాది దాటింది. కారణం ఒక ఫోటో. తమ్ముడు దశరథ్ మనవడి పుట్టువెంట్రుకల నాడు తీసిన ఆ ఫోటోలో ఇరవై రెండు మంది నిండుగా పడ్డారు, చివర నిలబడ్డ లీలమ్మ మాత్రం సగమే పడింది. ఒక చెయ్యి, సగం బొట్టు, పట్టుచీర అంచు. పైగా దానికి అద్దం కట్టించి గోడకు తగిలించారు. "నన్ను నడిమికి కోసి గోడకు కొట్టిన్రు" అని ఆమె హుజూర్‌నగర్ బస్సెక్కి వెళ్లిపోయింది.

తీసింది పరాయివాళ్లు కాదు, దశరథ్ కూతురు సుస్మిత. కట్టంగూర్‌లో హైవే పక్కన ఫోటో స్టూడియో నడుపుతుంది. ఆ రోజు వెనక్కి వెనక్కి జరిగి, వీపు గోడకు తగిలాక ఇక దేవుడే దిక్కని నొక్కేసింది. ఊరందరి పెళ్లిళ్లు తీసే పిల్ల సొంత మేనత్తను సగం చేసిందంటే ఊరు ఊరుకుంటుందా? నలుగురూ నవ్వారు. ఆనాటి నుంచి లీలమ్మ ఆమెను "కోడలా" అని పిలవడం మానేసింది. ఫోన్‌లో అడగాల్సి వస్తే "మీ ఫోటోలామె" అంటుంది. చిన్నప్పుడు తల దువ్వి జడలు వేసిన అత్త అలా అంటుంటే సుస్మితకు ఏడుపొచ్చేది.

ఇప్పుడు దశరథ్ కొత్త ఇంట్లోకి చేరుతున్నాడు. పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. అక్క రాకపోతే ఎట్లా అని దశరథ్ ఫోన్‌లో బతిమాలాడు. లీలమ్మ మెత్తబడింది గానీ షరతు పెట్టింది.

"వస్త తమ్మీ. గని ముందుగాల ఫోటో, ఎన్క పాలు. మీ ఫోటోలామె నన్ను నిండుగ తీస్తెనే పొయ్యి ముట్టిస్త."

చిక్కేమిటంటే కొత్త ఇంటి ముందు జాగా పాత ఇంటికన్నా తక్కువ. గడప దిగితే ఎదురుగా పక్కింటివాళ్ల ప్రహరీ. సుస్మిత అమ్మ చీర ఒకటి పరిచి కొలిచింది. సరిగ్గా సగం చీర. అక్కడ ముడి వేసి, చీరను సంచిలో పెట్టుకుని నల్లగొండ వెళ్లింది. అక్కడ గడియారం సెంటర్‌లో సతీశ్ పాత కెమెరాలు, లెన్సులు అమ్ముతాడు.

"గీ చీరెందుకు చెల్లె?" అన్నాడు సతీశ్.

"గిది మా ఇంటి ముందటి జాగ అన్నా. గింత దూరంలకెళ్లి ఇరవై మూడు మంది పడాలె. నా లెన్సుల సగం మంది గూడ పడ్తలేరు."

ఇద్దరూ దుకాణం ముందు చీర పరిచారు. సతీశ్ ముందు తీసింది, ఉన్న లెన్సుకే ముందు బిగించుకునే అద్దం. చౌకే, కానీ అంచుల్లో ముఖాలు నూనెలో ముంచినట్టు మసకబారాయి. తర్వాతిది ఇంకా ఎక్కువ పట్టింది గానీ దుకాణం షట్టర్ నిలువు గీతలు విల్లులా వంగిపోయాయి. కొత్త ఇంటికి బాపు దశరథ్ మోజుపడి చేయించిన టేకు దర్వాజ ఇట్లా వంగితే ఆయన కూడా అలుగుతాడు, ఒక ఇంట్లో రెండు అలకలు ఎవరు మోస్తారు? మూడోది పెద్ద కంపెనీది, అద్భుతం. దాని ధరకు స్కూటీ వస్తుంది.

చివరికి అరలో వెనకెక్కడో ఉన్న ఒక తేలికపాటి ప్లాస్టిక్ వైడ్ లెన్సు దొరికింది. ఎవరో వాడి ఇచ్చేసింది.

"ఎలుతురు తక్కువుంటె సతాయిస్తది," అని సతీశ్ ముందే చెప్పాడు.

"మాది పొద్దుగాల, ఆరుబయట. ఫికర్ లేదన్నా."

గీతలు నిటారుగా వచ్చాయి, వీధి సగం పట్టింది. చివర నిలబడ్డ సతీశ్ మాత్రం తన బొమ్మ చూసుకుని కంగారుపడ్డాడు. పొట్ట పక్కకు సాగి కుండలా ఉంది.

"గిది నేను కాదు."

"నువ్వే అన్నా. అంచుల నిలవడ్డోళ్లను గుంజుతాంది." సన్నటివాళ్లను చివర్లలో నిలబెడితే సరిపోతుందనుకుని సుస్మిత ఆ లెన్సే కొన్నది.

గృహప్రవేశం రోజు ముహూర్తం ఎనిమిదీ నలభైకి. ఎనిమిదిన్నరకు లీలమ్మ ఆటో దిగింది. నేరుగా వెళ్లి వరస చివర నిలబడింది. మనిషి మంచి పుష్టి.

"అత్తా, జర నడుమకు రా."

"యాడ కోసిన్రో ఆడనే నిలవడ్త. గీసారన్న పడ్తనో లేదో చూస్త."

పంతులు ఫోన్‌లో టైము చూసుకుంటున్నాడు. లోపల పాలగిన్నె ఎదురుచూస్తోంది. ఇక దాచి లాభం లేదని సుస్మిత నిజం చెప్పేసింది.

"అత్తా, గీ లెన్సుల అంచుకున్నోళ్లు లావుగ పడ్తరు."

లీలమ్మ గబగబా వచ్చి నడిమధ్యన, దశరథ్ పక్కన నిలబడింది. ఆ మాట మిగతావాళ్లూ విన్నారు. సన్నటివాళ్లు, బొద్దువాళ్లు అని లేదు, అందరూ నడుమకే తోసుకొచ్చారు. అంత వెడల్పు లెన్సు తెస్తే జనం బస్సులో కిక్కిరిసినట్టు నాలుగు మూరల్లో ఇరుక్కున్నారు. ఇంతోటిదానికి నల్లగొండ ఎందుకు పోయినట్టు అని సుస్మితకు ఒళ్లు మండింది.

"ఆగుండ్రి," అన్నది లీలమ్మ. మెడ తిప్పి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. "ఇరవై మూడే ఉన్నరు. ఒకలు తక్కువ."

"ఎవలక్కా?" అన్నాడు దశరథ్.

లీలమ్మ కెమెరా వైపు చూసింది. "పుట్టెంటుకల ఫోటోల నేను సగమన్న ఉన్న. గా పిల్ల అసలుకే లేదు గద."

సుస్మిత కూడా ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఎంతసేపు చూస్తవ్? రా కోడలా."

సుస్మితకు కళ్లు చెమర్చాయి. కెమెరాను ప్రహరీ మీద నిలబెట్టి, పది సెకన్ల టైమర్ పెట్టి పరుగెత్తింది. ఖాళీ జాగా చివరనే ఉంది. అక్కడే నిలబడింది.

ముహూర్తానికి ఇంకా రెండు నిమిషాలుండగానే లీలమ్మ పొయ్యి ముట్టించింది. పాలు నాలుగు దిక్కులా పొంగాయి.

ఇప్పుడు హాల్లో ఆ ఫోటోనే ఉంది. దర్వాజ నిటారుగా ఉంది, అందరూ నాజూకుగా ఉన్నారు, చివర ఒక అమ్మాయి మాత్రం రెండింతలు వెడల్పుగా నవ్వుతోంది. చూడవచ్చినవాళ్లకు లీలమ్మే వేలు పెట్టి చూపిస్తుంది.

"గా లావుగున్నది నా కోడలు. ఫోటో తీసింది గూడ ఆమెనే."