పోశయ్య కనుబొమ్మ మీది గాటు

పెనిమిటి పోశయ్య పోయినంక, బీడీలు చేసే సత్తవ్వ ఆయన ఫొటోను పెద్దగ చేయమని కంఠేశ్వర్ గుడి కాడ ఒక స్టూడియోల ఇచ్చింది. బోధన్ల చెరుకు కొట్టంగ కత్తి తగిలి కనుబొమ్మ మీద పడ్డ గాటును వాళ్లు నున్నగ చెరిపేసిండ్రు. పాత ఫొటో పారేసిండ్రు.

సత్తవ్వకు ఒళ్లు మండింది. రశీదు పట్టుకొని వినియోగదారుల కోర్టుకు పోయింది. గుమాస్తా దరఖాస్తు రాసుకుంట అడిగిండు: "ఫొటో మంచిగనే ఉన్నది గదమ్మా. నీకు నష్టమేంది?"

సత్తవ్వ కండ్లు మూసుకున్నది. కోర్టు చప్పుడంత దూరం పోయింది.

"రాసుకో సారూ. నిన్న కలలకు వచ్చిండు. మబ్బు లెక్క తెల్లటి చెరుకు పూల నడుమ నడుచుకుంట వచ్చి తలుపు కొట్టిండు. నున్నటి మొకం. ఎవరో పరాయోడనుకొని తలుపు తియ్యలే."