నాలుగో వైపు వినని వాళ్లు

నేను ఒక ఎల్పీ రికార్డును. ఒకే అట్టలో ఇమిడిన రెండు నల్లటి పళ్లేలను, రెండిటికీ కలిపి నాలుగు వైపులు. నన్ను తిట్టినవాళ్ల మీదా, పొగిడినవాళ్ల మీదా నాకు ఒకటే కోపం. ఆ కోపం ఎందుకో చెప్పుకోవడానికి ఇన్నాళ్లకు నోరు విప్పుతున్నాను.

నన్ను పాడింది కాపర్ గల్స్ అనే ఇంగ్లండు రాక్ బృందం. అంతకుముందు వాళ్లు కుర్రకారు గంతులేసే పాటలు పాడి పేరు తెచ్చుకున్నారు. ఆ పేరు చాలనుకుని ఊరుకుంటే నాకీ గతి పట్టేది కాదు. ఒక రేవుపట్నం, వెళ్లి తిరిగిరాని ఒక ఓడ, దానికోసం ఒడ్డున ఎదురుచూసే జనం, ఇదంతా కలిపి ఒకే కథగా నాలుగు వైపుల నిండా పాడాలని వాళ్లకు బుద్ధి పుట్టింది. వయొలిన్ల వాళ్లను పిలిపించారు, చర్చి గాయకులను పిలిపించారు. డ్రమ్ములు వాయించే అతను ఓడ ఇంజను చప్పుడు అర్థం చేసుకోవడానికి రేవులోనే కాపురం పెట్టాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో ఎవరో వేడి ప్లాస్టిక్ ముద్దను అచ్చుల మధ్య పెట్టి నొక్కారు. నేను పుట్టాను. నా పేరు ‘లాంగ్ హార్బర్’.

నన్ను మొట్టమొదట పంపింది ఒక విమర్శకుడికి. లండన్‌లో ఒక సంగీత వారపత్రికలో ఆయన మాటంటే వేదం. ఆయన నన్ను పెట్టి, టీ కాచుకున్నాడు. ఫోన్లో ఎవరితోనో ఇల్లు మారే సంగతి మాట్లాడాడు. మొదటి పళ్లెం అయిపోయింది. రెండోదాన్ని అట్టలోంచి తీయనే లేదు. టైపుమిషను ముందు కూర్చుని పేజీల కొద్దీ నన్ను ఉతికి ఆరేశాడు. ‘ఒళ్లు బలిసిన ఆడంబరం’ అన్నాడు. ‘చివరిదాకా ఒకటే ఏడుపు’ అన్నాడు. చివర ఏముందో ఆయనకెలా తెలుసు?

ఆ రాత చదివి అభిమానులు రెచ్చిపోయారు. గంతులేయడానికి ఒక్క పాటైనా లేదని నా తోటి ప్రతులను దుకాణాలకు తెచ్చి విసిరికొట్టారు. విమర్శకుడు నన్ను రేవు దగ్గరి పాత సరుకుల కొట్లో అమ్ముకున్నాడు. కొట్టువాడు ఊసుపోక రెండో పళ్లెం పెట్టిన రోజునే చోడిపల్లి ఎర్రయ్య అటుగా వచ్చాడు.

ఎర్రయ్యది విశాఖపట్నం. సరుకుల ఓడ ఇంజనుగదిలో పని. నాలుగో వైపు ఆఖరి పాట మోగుతుంటే గుమ్మంలోనే నిలబడిపోయాడు. పాట పూర్తయ్యాక నన్ను కొనుక్కుని, చొక్కాల మధ్య చుట్టి ఇంటికి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు.

ఆ చెల్లెలే నూకరత్నం. నా కథలో మనిషంటూ ఉంటే ఆవిడే. కాన్వెంటులో చదివి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. ఇంగ్లీషు పాటలంటే ప్రాణం. అన్నాచెల్లెళ్లు నన్ను మొదటినుంచి చివరిదాకా విన్నారు. ఆఖరి పాటలో డ్రమ్ములు ఓడ ఇంజనులా మోగి, మోగి, నెమ్మదిస్తాయి. ఒక్కో దెబ్బ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ తర్వాత నీళ్ల చప్పుడు.

“నాకు ఇంగ్లీసు రాదు గానీ రత్నం, ఇంజను ఆగిపోతన్నప్పుడు అచ్చం ఇలాగే ఉంటాది,” అన్నాడు ఎర్రయ్య. “ఈడెవడో మా గదిలో కూకుని రాసినట్టున్నాడు.”

వారం తిరక్కుండా ఎర్రయ్య ఓడెక్కాడు. ఆ ఓడ తుపానులో మునిగింది. ఎవరూ దొరకలేదు.

ఇంట్లో ఏడుపులు సద్దుమణిగాక, ఒక ఆదివారం నూకరత్నం నన్ను చంకన పెట్టుకుని సోమయాజులు మాస్టారి ఇంటికి బయలుదేరింది. ఆయన కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. పాశ్చాత్య సంగీతం ఇష్టపడేవాళ్లు వారంవారం ఆయన హాల్లో చేరి రికార్డులు వినేవాళ్లు. అన్న తెచ్చిన పాటను పదిమందితో కలిసి వినాలని ఆవిడ కోరిక. అంతకుమించి మరేం లేదు.

నన్ను చూడగానే మాస్టారు నవ్వారు. లండన్ వారపత్రిక ఆయనకు అప్పటికే చేరింది. దాన్ని గొంతు పెంచి, రసం పిండుతూ చదివి వినిపించారు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే నన్ను తిప్పారు. రెండో వైపు సగంలో మాస్టారికి ఓపిక నశించి, ముల్లు పట్టి ఒక్క లాగు లాగారు. ఆ చివరినుంచి ఈ చివరికి నా ఒళ్లు చీరుకుపోయింది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

“ఇది సంగీతం కాదమ్మా రత్నం. అంత పెద్దాయన ఊరికే రాస్తాడా?” అన్నారు.

“మీరింకా సగం కూడా ఇన్లేదు మాస్టారూ.”

“తెలిసిపోతుందమ్మా. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నంతా తినాలా?”

నూకరత్నం లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. “మీరు తిడితే తిట్టండి. ఇని తిట్టండి. ఇనకుండా తిడితే అది మీ తిట్టు కాదు, లండనోడి తిట్టు. దాన్ని మొయ్యడానికి ఇంత సదువెందుకు?” అని నన్ను అట్టలో పెట్టుకుని వచ్చేసింది. అక్కడున్న ఒక్కరూ ఆవిడ వెంట గుమ్మందాకా కూడా రాలేదు. వాళ్లందరికీ ఎర్రయ్య సంగతి తెలుసు.

తర్వాత ఆవిడ చేసిన పని తప్పేనని ఆఫీసు తేల్చింది. నేను మాత్రం తేల్చలేను. విదేశాలకు లైన్లు కలిపే బొంబాయి ఎక్స్ఛేంజిలో స్నేహితురాలిని బతిమాలి, డ్యూటీలో ఉండగానే ఆవిడ లండన్‌కి లైను కలిపించుకుంది. ఆ వారపత్రికలో ఆ విమర్శకుణ్నే పిలిపించింది. ఏం జరిగిందో సాయంత్రం రొయ్యలు వలుస్తున్న తల్లికి చెబుతుంటే, గోడవారన ఉన్న నేను మాట పొల్లుపోకుండా విన్నాను.

“నాలుగో వైపు విన్నారా అనడిగేనమ్మా. ముందు నువ్వెవరన్నాడు. సెప్పేను. ‘మేడమ్, మొదటి పళ్లెం విన్నాక రెండోది ఎలా ఉంటుందో తెలిసిపోయింది’ అన్నాడు. అచ్చం మాస్టారి మాటే.”

“మరి నువ్వేటన్నావు?”

“మా అన్న ఆ రెండోదాని కోసమే కొన్నాడన్నాను. ఇప్పుడు లేడన్నాను. ‘ఎంతో హృదయవిదారకం, పాఠకుల శీర్షికకు రాయండి’ అన్నాడమ్మా. ఇంకేదో సెప్పబోతన్నాడు. ‘మూడు నిమిషాలు అయిపోయాయండి’ అని రోజూ అందరికీ సెప్పే మాటే సెప్పి లైను తీసీసేను.”

తల్లి చేతిలో రొయ్య పక్కన పెట్టింది. “మంచి పని సేసేవు,” అంది.

నూకరత్నాన్ని సస్పెండు చేశారు. క్షమాపణ రాసిస్తే పోతుందని పై అధికారి చెప్పాడు. ఆవిడ రాయలేదు. మళ్లీ తీసుకునేదాకా కుట్టుపని చేసి ఇల్లు నడిపింది.

ఏళ్లు గడిచాయి. కాపర్ గల్స్ బృందం ఎప్పుడో చెల్లాచెదురైంది. ఉన్నట్టుండి లోకానికి నేను గొప్పదాన్నయ్యాను. ఆ విమర్శకుడే, ముసలితనంలో, ‘ఆ తరం చేసిన మహాకావ్యం’ అని రాశాడు. ఎప్పుడు విన్నాడో అందులో ఎక్కడా లేదు. మెచ్చుకోవడానికి ఎంచుకున్న పాటలన్నీ మొదటి పళ్లెంలోవే. ఆ వ్యాసం చదివాక సోమయాజులు మాస్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. రిటైరై, ఊళ్లో ఒక చిన్న సంగీత ప్రదర్శనశాల నడుపుతున్నారు.

నూకరత్నం ఇంట్లో అప్పటికి ప్లేయరు ఉప్పుగాలికి తుప్పు పట్టింది. ముల్లు దొరకడం లేదు. ఆవిడ ఒకే మాట అడిగింది. “ఎవలు అడిగినా ఇది మోగాల మాస్టారూ. అలాగైతేనే తీసుకెళ్లండి.” మాస్టారు చేతిలో చెయ్యి వేసి మరీ మాటిచ్చారు.

నన్ను గాజుపెట్టెలో పెట్టి తాళం వేశారు. ప్లేయరు లేదు. పెట్టె మీద తెల్లటి కార్డు. దాని మీద ఆ విమర్శకుడి పొగడ్త, కింద ఆయన పేరు. వచ్చినవాళ్లు కార్డు చదువుతారు, తలాడిస్తారు, పక్క పెట్టె దగ్గరికి వెళ్తారు. తిట్లు తిన్నప్పుడు కనీసం సగమైనా మోగాను. పొగడ్త వచ్చాక ఆ సగం కూడా పోయింది.

ఒకరోజు నూకరత్నం వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. కార్డు పైనుంచి కిందికి చదివింది. మాస్టారు కర్ర పొడుచుకుంటూ ఎదురొచ్చారు.

“చూశావా రత్నం, ఎంత గొప్పగా రాశాడో.”

“పిలేయరేదీ?”

“పాతది కదమ్మా, వాడితే అరిగిపోతుంది. దాని విలువ నీకు తెలీదు.”

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “అప్పుడూ ఇన్లేదు, ఇప్పుడూ ఇన్లేదు. మాట మార్చడానికి మాత్రం సిగ్గు లేదు,” అంది. కార్డును గోరుతో లేపి, పీకి, నాలుగు ముక్కలు చేసి ఆయన జేబులో కుక్కి వెళ్లిపోయింది.

మాస్టారు మళ్లీ కార్డు పెట్టలేదు. ఎందుకో నాకు తెలియదు. బహుశా ఆయనకూ తెలియదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్లకు ఏమనుకోవాలో చెప్పేవాళ్లు లేరు. కాసేపు తికమక పడతారు. గాజుకు మొహం ఆనించి చూస్తారు. మొన్న ఒకమ్మాయి అలాగే చూసి, వెనక్కి తిరిగి, “ఇది ఎలా ఉంటుందండీ?” అనడిగింది.

మాస్టారు కర్ర పొడుచుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చారు. “నేను వినలేదమ్మా,” అన్నారు.