దణ్ణం పెట్టిన చెయ్యి

గౌరీశ్వరి ఓడిపోవాలని సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నదాన్ని నేనే. దాని కన్నతల్లిని.

మా ఆయన ఎల్లారావు పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక పాక వేసి ముప్పై ఏళ్లు కర్రసాము నేర్పాడు. కూరలమ్మేవాళ్ల కొడుకులు, ఓడల్లో సరుకు దింపే కళాసీలు, పోర్టు గార్డులు అందరూ అక్కడే కర్ర పట్టారు. ఆయనది ఒకటే నియమం. కర్ర ఎత్తే ముందు వంగి నేల తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకోవాలి. ఎదుటివాడు దణ్ణం పెడుతుండగా కొట్టినవాడికీ, దణ్ణం పెడుతూ కొట్టినవాడికీ పాకలో చోటు లేదు.

డెబ్బై తొమ్మిదిలో హవల్దారు గురునాథరావు మిలటరీ నుంచి రిటైరై వచ్చాడు. అక్కడ జవాన్లకి నేర్పినవాడు. పోర్టు గార్డులకి ఇకమీదట ఎవరు నేర్పాలో తేల్చడానికి ఇద్దరికీ పోటీ పెట్టారు. మా ఆయన వంగి నేల తాకాడు. హవల్దారు ఆ చేతిమీదే కొట్టాడు. మణికట్టు విరిగింది.

"శత్రువు ముందు ఒంగుతావేటి ముసలోడా? బోర్డర్లో ఇలాగే ఒంగితే నా జవాన్లలో ఒక్కడూ మిగలడు" అన్నాడు అందరి ముందూ.

నెల తిరక్కుండా శిష్యులు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. ఆఖరున వెళ్లింది మా గౌరీశ్వరి. ఆడపిల్లకి కర్రెందుకని వాళ్ల నాన్న నేర్పలేదు, హవల్దారు నేర్పాడు. గోపాలపట్నం బస్సులో మీద చెయ్యి వేసినవాడి వేళ్లు విరిచి వచ్చిందని తెలిసిన రోజు ఈయన అన్నం కంచం గోడకేసి కొట్టాడు. దెబ్బ కొట్టినందుకు కాదు, ఆ దెబ్బ ఎవరిదో గుర్తుపట్టినందుకు. ఆ తర్వాత మూడేళ్లు తండ్రీ కూతుళ్లకి మాటల్లేవు. మధ్యలో నేనే.

ఎనభై మూడులో దానికి పోలీసు ఉద్యోగం వచ్చింది. శిక్షణ ఎక్కడో రాయలసీమలో, ఆ పైన ఎక్కడికి పంపితే అక్కడ. బర్మాలో రంగం వెళ్లిన మా నాన్నని, ఓడెక్కిన మా తమ్ముణ్ని గుమ్మంలో నిలబడే సాగనంపాను. ఇద్దరూ తిరిగి రాలేదు.

వెళ్లనివ్వనని నాతో చెప్పించాడు మా ఆయన. వెళ్తానంది అది. చివరికి ఆయనే తేల్చాడు. తనని పడగొడితే వెళ్లొచ్చు, అదే పడితే ఇల్లు కదలకూడదు. సరేనంది.

ముందురోజు వంటింట్లో ఎలా గెలుస్తావని అడిగాను. అమ్మని కదా, దాచలేదు.

"దణ్ణం పెడతాడు కదమ్మా, అప్పుడే కొడతాను. గట్టిగా తగల్నీనులే."

ఆ మాట వెంటనే తీసుకెళ్లి ఆయనకి చెప్పేశాను. ఆయన నాకేసి చాలాసేపు చూశాడు.

తెల్లవారి పాకలో ఆయన వంగాడు. వంకర తిరిగిన కుడిచెయ్యి నేలని తాకగానే గౌరీశ్వరి మీదికొచ్చింది. వంగినవాడు వంగినట్టే ఎడమచేతి కర్రతో దాని కాళ్లు లాగి కొట్టాడు. బోర్లా పడింది. పెదవి చిట్లింది.

నెత్తురు తుడుచుకుంటూ అది ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

"నువ్వే సెప్పేవు కదమ్మా."

మా ఆయన నేల తాకిన చెయ్యి కళ్లకద్దుకోలేదు. అరచేతికంటిన మట్టి చూసుకుని పంచెకి తుడిచేసుకున్నాడు.

"దణ్ణం పెడతా కొట్టేను. ఆ హవల్దారే నయం, ఆడు దణ్ణమే పెట్టడు" అన్నాడు. మూడేళ్ల తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఓడిపోయింది నాను. నువ్వెల్లు గౌరీ."

నేను నోరు తెరవబోయాను.

"నువ్వు మాటాడకు" అన్నాడు.

గురువారం బయల్దేరింది. ముందు పాక గడప దగ్గర వంగి నేల తాకింది. తర్వాత వాళ్ల నాన్న కాళ్లకి దణ్ణం పెట్టింది. కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది, వంగబోయి ఆగింది. ఎదుటివాడి కర్రని చూసినట్టు నా చేతులకేసి చూసింది.

నిటారుగా నిలబడి, ట్రంకుపెట్టె అందుకుంది.