కొయ్యని పైపు

మనవడు మల్సూరు షాద్‌నగర్‌లో కంపెనీ పనికి పోతున్నాడని బక్కమ్మ సంచిలో జొన్నరొట్టెలు, దుప్పటి సర్దింది. పైపులు కోసే హాక్సా బ్లేడు మాత్రం బియ్యం డబ్బాలో దాచింది.

పాటలు వినడానికి అతను చేసిన బేస్ స్పీకరు పెట్టె మూలన ఉంది. గాలి బయటికొచ్చే పైపు రెండించులు పొడుగుందని, కొయ్యకుంటే దరువు సరిగా పలకదని ఫోన్‌లోని లెక్క చెప్పింది.

"బ్లేడు ఏడపెట్టినవే అవ్వా?"

"నువ్వు దసరాకు వచ్చేసరికి దొరుకుతది తియ్యి."

"నన్ను పైపుకు కట్టేస్తున్నవా ముసలీ? సరే, అప్పుడే కోస్త" అని నవ్వుతూ బస్సెక్కాడు.

మిగిలిన పని మనిషిని వెనక్కు లాగుతుందని ఆమె నమ్మకం. పండగ వారం బ్లేడు తీసి పెట్టె మీద పెట్టింది. అది అక్కడే తుప్పు పట్టింది.

మల్సూరు ఆ 2018 దసరాకు రాలేదు. ఆ తర్వాత ఎన్నడూ రాలేదు.