సెక్రటరీ మాన్సా

అరబా చేసిన తప్పు పెద్దగా చప్పుడు చేయలేదు. కంపెనీ కాగితాలు రాసే ఏజెంటు “ఓనర్లెవరమ్మా?” అని అడిగాడు. “నేనూ, మా తమ్ముడు ఎబో” అని ఆమె నోరు జవాబు చెప్పేసింది. అంతే.

ఆ తమ్ముడు షిటో తినడమే గాని చేసిన పాపాన పోలేదు. ఎండుచేపలూ రొయ్యపొట్టూ మిరపకాయలూ నూనెలో నల్లబడేదాకా వేయించి ఆ పచ్చడి చేసేది, అరబా సొంత అక్కలా చూసుకునే మాన్సా. సీసాలకెత్తి కేప్‌కోస్ట్ ఊరంతా తిరిగి అమ్మేది అరబా. మొదటిసారి పొయ్యి వెలిగించిన రోజునే “చెరి సగం అక్కా” అని అరబా తనంతట తానే అంది. ఇన్నేళ్ళూ అలాగే పంచుకున్నారు. ఇప్పుడు రాజధాని అక్రాలో ఒక పెద్ద దుకాణం వాళ్ళు, కంపెనీగా నమోదైతేనే సరుకు తీసుకుంటామన్నారు. ఏజెంటు దగ్గరికి వెళ్ళిన రోజు మాన్సా ఎవరి అంత్యక్రియలకో సాల్ట్‌పాండ్ వెళ్ళింది.

అరబా తనకు తాను ఒక కారణం చెప్పుకుంది. మాన్సాకు పిల్లల్లేరు. రేపు ఆమె కన్నుమూస్తే వాటా కోసం, ఆచారం ప్రకారం, ఆమె అక్కచెల్లెళ్ళ పిల్లలు వచ్చిపడతారు. వాళ్ళేమో మందెడు. కారణం బాగానే ఉంది గాని, ఆ రాత్రి అరబాకు కునుకు పట్టలేదు.

“సెక్రటరీ అని కూడా ఒకరుండాలి. వాటా ఏమీ ఇవ్వక్కర్లేదు, పేరుంటే చాలు” అన్నాడు ఏజెంటు. అరబా మాన్సా పేరు ఇచ్చింది.

మాన్సా ఊర్నించి వచ్చి, చదవకుండానే సంతకం పెట్టింది.

“సెక్రటరీ అంటే ఏంటే?”

“పెద్ద పదవే అక్కా.”

“నాకా?” అంది మాన్సా. మర్నాడే కళ్ళజోడు కొనుక్కుంది. ఆమె కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. బజారులో చేపలమ్మే ఆడవాళ్ళు ఊరుకుంటారా?

“సెక్రటరీగారూ, చేపలు మీరే ఏరుకుంటారా, మీ గుమాస్తాని పంపిస్తారా?”

“ముందు ఆ ఈగల్ని తోలవే. నా సంగతి తర్వాత చూద్దువుగాని” అని మాన్సా నవ్వేది. పక్కనే అరబా నిలబడి వినేది. చెప్పేద్దామని నోరు తెరిచేది, మళ్ళీ మూసుకునేది.

ఆదివారం చర్చి అయ్యాక మాన్సా మేనమామ ఎసుమాన్, మరో ఇద్దరు పెద్దలు తెల్లబట్టలు కట్టుకుని, ష్నాప్స్ సారా సీసాతో అరబా ఇంటికి వచ్చారు. వెనకాల మాన్సా. వాళ్ళెందుకు వచ్చారో అరబాకు తెలిసిపోయింది. అక్కడి ఆచారం ప్రకారం ఎవరైనా ఏదైనా ఇస్తే, పుచ్చుకున్నవాళ్ళు ఇలా పెద్దల్ని వెంటబెట్టుకొచ్చి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఇచ్చిన మనిషి ఆ సారా తాగితే లెక్క తెగిపోయినట్టే. ఆ తర్వాత ఇంకా ఏమైనా రావాల్సి ఉందని ఎవరూ నోరెత్తకూడదు.

మంచినీళ్ళిచ్చాక, వచ్చిన పనేమిటని ఎబో పద్ధతి ప్రకారం అడిగాడు.

“మా పిల్లకి పదవిచ్చారు. అందుకని వచ్చాం” అన్నాడు ఎసుమాన్. “ఏమిచ్చావో నీ నోటితో చెప్పు తల్లీ. దేనికి తాగుతున్నామో తెలియాలి గదా.”

“సెక్రటరీ...” అంది అరబా.

“అదీ, ఆ చెరి సగమూ కలిపేనా?”

“అదేం ప్రశ్న మామా?” అని మాన్సా అడ్డుకుంది. “అది వేరే అడగాలా? మా అరబా దగ్గర.”

మా అరబా అన్న ఆ మాట అరబా భరించలేకపోయింది.

“సగం లేదు మామా. అంతా నా పేరునా ఎబో పేరునా రాయించాను. అక్కకి పేరొక్కటే. నేను మోసం చేశాను.”

ఎబో నేల చూపులు చూశాడు. ఎసుమాన్ సీసా చంకన పెట్టుకుని లేచాడు. “పదండి.”

“కూర్చో మామా” అంది మాన్సా. ఆమె గొంతు మామూలుగానే ఉంది. “ఆ సీసా వెనక్కి పట్టుకెళ్తే బజారంతా చూస్తుంది. ఇన్నాళ్ళూ సెక్రటరీనని ఊరేగి, రేపు అక్కడ నా మొహం ఎలా చూపించను?”

“అరబా ఇది తాగిందంటే నీ సగం పోయినట్టేనే. ఇంకెప్పుడూ అడగలేవు.”

“తెలుసు.”

“అక్కా, ఇవాళ వద్దు” అరబా ఏడుస్తోంది. “రేపే వెళ్ళి కాగితాలు మార్పిస్తాను.”

మాన్సా సీసా మూత తీసి, చనిపోయిన పెద్దలకని నేలమీద నాలుగు చుక్కలు వదిలి, గ్లాసులో పోసి కుడిచేత్తో చాచింది. అరబా చేయి కదలలేదు. మాన్సా చేయి కూడా కదలలేదు. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు అనుకుంది అరబా. చివరికి గ్లాసు అందుకుని తాగింది.

“అందింది” అన్నారు పెద్దలు, లెక్క తెగినట్టుగా. ఒక్కొక్కరే లేచి చేతులు కలిపి వెళ్ళారు. ఆఖరున మాన్సా గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరిగింది.

“రేపు నన్ను పనికి ఎన్నింటికి రమ్మంటారు?” అని అరబాను అడిగింది.